జనరల్ గారికి వచ్చిన ఒక్క తెలుగు మాట

ఈ ఉదయం బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంటే కిటికీ అద్దం సన్నగా వణికింది. వెంటనే పడమటి వైపు నుంచి ఒక మొద్దు చప్పుడు, కాసేపటికి ఇంకొకటి. ఈ ద్వీపదేశం పడమటి అంచున, చోవా చూ కాంగ్‌లో ఉండేవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. ఆ వైపు అడవిలో సైనికులు ఫిరంగులు పేల్చి సాధన చేస్తుంటారు. కింద ఆడుకునే పిల్లలు తలెత్తి కూడా చూడరు. నేను మాత్రం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి విన్నాను. ఉరుము దొర్లుతుందనీ, ఫిరంగి మోత దొర్లకుండా ఒక్కచోట పడి ఆగిపోతుందనీ నాకు నేర్పిన మనిషి పోయి నాలుగేళ్ళయింది. నదుల్లో ఇసుక కదలిక మీద పరిశోధన చేయడానికి విజయనగరం నుంచి వచ్చినదాన్ని, ఫిరంగులతో నాకేం పని చెప్పండి? అయినా ఆ చప్పుడు విన్న రోజు నాకు ఆ పూట పని సాగదు. చీర మాడ్చుకోలేదు, అంతే నయం.

ఆయన అమెరికా సైన్యంలో ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి, మూడు నక్షత్రాల జనరల్‌గా పదవీ విరమణ చేసిన మనిషి. విరమించిన ఏడాదికే భార్య పోయింది. ఒక్కతే కూతురు ఎలెన్, ఇక్కడ ఉద్యోగం. ఆమె పిలిస్తే వచ్చి బిషాన్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకున్నారు. కూతురి దగ్గరకని వచ్చారు గానీ ఆమె వారంలో నాలుగు రోజులు జకార్తాలోనో బ్యాంకాక్‌లోనో ఉండేది. ఆయనకు తన ఉద్యోగ జీవితం పుస్తకంగా రాయాలని ఉంది. చెయ్యి వణకడం వల్ల ఎక్కువ రాయలేరు. కూర్చుని విని, టైపు చేసి, భాష సరిచూసే మనిషి కావాలని ఎలెన్ మా ప్రొఫెసర్‌ను అడిగింది, ఆయన నన్ను చూపించారు. అప్పుడు నా పీహెచ్‌డీ మూడో ఏడు. ఒక ఆంటీ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆమె తాతలు ఎప్పుడో కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ల్యాబులో తలా ఒక కంప్యూటర్, తలా ఒక హెడ్‌ఫోన్. శనివారం మధ్యాహ్నానికి గొంతు సవరించుకుంటే తప్ప మాట వచ్చేది కాదు. అలాంటి రోజుల్లో వచ్చిన పని అది. ఎవరితోనైనా మాట్లాడవచ్చని ఒప్పుకున్నాను, అంతకుమించి గొప్ప కారణమేమీ లేదు.

మొదటిసారి వచ్చేటప్పుడు నేను రాసింది ఏదైనా తీసుకురమ్మన్నారు. థీసిస్‌లో రెండో అధ్యాయం పట్టుకెళ్ళాను. తెల్లటి జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఇంట్లో కూడా చొక్కా లోపలికి దోపుకుని ఉన్న ఎత్తయిన మనిషి తలుపు తీశారు. కూర్చోమని చెప్పి, ఎర్ర పెన్సిల్ తీసుకుని అరగంట మాట్లాడకుండా చదివారు. ఆ తర్వాత కాగితాలు నా వైపు జరిపారు. ప్రతి పేజీ నిండా ఎర్రటి సున్నాలు.

“‘ఇసుక నమూనాలు సేకరించబడ్డాయి.’ ఎవరు సేకరించారు?”

“నేనే, సార్.”

“నదిలోకి ఎవరు దిగారు?”

“నేనే. మోకాళ్ళ దాకా బురదలో.”

“మరి ఈ కాగితంలో నువ్వు ఎక్కడా కనపడవేం?”

నాకు ఒళ్ళు మండింది. ఆయన పుస్తకానికి సాయం చేద్దామని వస్తే నా థీసిస్‌కు మార్కులేస్తున్నాడేమిటి ఈయన అనుకున్నాను. శాస్త్రంలో అలాగే రాయాలని చెప్పాను. అంతటితో ఊరుకోకుండా, ఈ విషయంలో మా తెలుగువాళ్ళను కొట్టేవాళ్ళు లేరని కూడా చెప్పాను. “మా మంత్రి మైకు పట్టుకున్నా, గుమాస్తా ఉత్తరం రాసినా ‘జరిగింది’ అంటారు సార్. రోడ్డు వేయడం జరిగింది. ఫైలు పోగొట్టడం జరిగింది. ఎవరు వేశారు, ఎవరు పోగొట్టారు అని అడగడానికి అందులో మనిషే ఉండడు. పని దానంతట అదే జరిగిపోతుంది.” ఆయన ఆ మాటను నా చేత మూడుసార్లు చెప్పించుకున్నారు. “జరిగిందీ” అని చివరి అక్షరాన్ని సాగదీసి తను పలికారు. ముందు నవ్వలేదు. ఆ తర్వాత కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. “నేను రాసిన రిపోర్టులన్నిట్లోనూ ఉంది ఇది. దీనికి ఒక పేరుందని ఇవాళే తెలిసింది, డాక్టర్” అన్నారు. ఇంకా డాక్టర్‌ను కాలేదన్నాను. “అవుతావుగా. నాకు ముందునుంచే అలవాటు కానివ్వు” అన్నారు.

ఆ రోజు నుంచి మంగళవారం, శుక్రవారం ఉదయం తొమ్మిదికి మా పని. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే ఆయన గడియారం వైపు చూసేవారు కాదు, తలుపు వైపు చూసేవారు. అది ఇంకా కష్టంగా ఉండేది. ఫోన్ రికార్డింగులో పెట్టి ఆయన చెప్పుకుపోయేవారు. గోధుమ పొలాల మధ్య చిన్న ఊరు, ట్రాక్టర్లు బాగుచేసే తండ్రి. ఇరవై రెండేళ్ళకు చేతికింద ముప్ఫై మంది సైనికులు. వాళ్ళలో సగం మంది తనకన్నా పెద్దవాళ్ళు. మొదటి రోజు భోజనాల వరసలో ముందు నిలబడితే ఒక సార్జంట్ వచ్చి చెవిలో, “సార్, మీరు చివర. అందరికీ సరిపోయాక మిగిలితే మీకు” అన్నాడట. ఉద్యోగం మొత్తంలో ఇరవై మూడు ఇళ్ళు మారారు. సామాను పెట్టెల మీద భార్య నంబర్లు రాసేది. పద్నాలుగో నంబరు పెట్టె పదకొండు ఇళ్ళు తిరిగినా విప్పలేదు. ఆమె పోయాక విప్పి చూస్తే వంటింటి కిటికీ తెరలు. ఏదో ఒక ఇంటి కిటికీ కొలతకు కుట్టించినవి, మళ్ళీ అలాంటి కిటికీ ఉన్న ఇల్లు దొరకలేదు. ఆ సంగతి చెప్పి రికార్డింగు ఆపమన్నారు, వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోసి వచ్చారు.

నక్షత్రాలు వచ్చేకొద్దీ ఏమయిందని ఒకసారి అడిగాను. ఏదో గొప్ప సంగతి చెబుతారనుకున్నాను. “నేను గదిలోకి అడుగుపెడితే నవ్వులు ఆగిపోయేవి” అన్నారు. “మొదట్లో అది మర్యాద అనుకుని సంతోషించాను. కొన్నాళ్ళకు తలుపు బయట నిలబడి, ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగి లోపలికి వెళ్ళేవాణ్ణి.” మూడు నక్షత్రాలున్న మనిషి తలుపు బయట ఒక్కడే నిలబడి లోపలి నవ్వులు వింటూ ఉండడం నాకు చాలా రోజులు కళ్ళముందు కదిలింది. మా ల్యాబు తలుపు దగ్గర నేనూ అలా నిలబడిన రోజులున్నాయి, నక్షత్రాలు లేకపోయినా.

పని అయ్యాక దగ్గర్లో ఉన్న హాకర్ సెంటర్‌కు, చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటికి, తీసుకెళ్ళేవారు. అక్కడ ఆయన చేసిన మొదటి ఘనకార్యం చెప్పాలి. బల్లల మీద టిష్యూ పేపరు ప్యాకెట్లు ఉండడం చూసి, పాపం ఎవరో మరిచిపోయారనుకుని, ఐదు బల్లల మీదవి ఏరుకొచ్చి నూడుల్స్ అమ్మే అంకుల్ చేతిలో పెట్టారు. అంకుల్ తల పట్టుకున్నాడు. “అయ్యో, నాట్ లాస్ట్ లా! చోప్! దే చోప్ ద టేబుల్!” టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ సీటు తమదని అర్థమని ఆయనకు ఎవరు చెప్పారు? ట్రేలు పట్టుకుని తిరిగొచ్చినవాళ్ళు కూర్చునే చోటు లేక గుడ్లురుముతున్నారు. ఆయన ఒక్కొక్కరి దగ్గరకు వెళ్ళి, వెన్ను నిటారుగా పెట్టి, “తీసింది నేను. క్షమించండి” అని ఐదుసార్లు చెప్పారు. అన్నింటికన్నా నవ్వొచ్చేది ఏమిటంటే, మా బల్ల దగ్గర ఉన్న అపరిచితులతో సహా అందరి చేతికీ తిండి వచ్చేదాకా ఆయన కూర్చునేవారు కాదు. “సిట్ లా అంకుల్, ద ఫుడ్ వోంట్ రన్” అనేవాడు నూడుల్స్ అంకుల్. “మా సార్జంట్ చూస్తే ఊరుకోడు” అని నాతో అనేవారు. ఆ సార్జంట్ పోయి ఇరవై ఏళ్ళు.

ఇంటికెళ్తే ఆంటీ అడిగేది. ఆమె తెలుగులో అరవమూ మలయ్ భాషా చైనా మాటలూ కలిసిపోయి ఉంటాయి. “మకాన్ అయిందా మా? ఆ ఆంగ్ మో తాతతో అంతసేపు ఏం పేసుకుంటారు మీరు?” మకాన్ అంటే భోజనం, ఆంగ్ మో అంటే తెల్లవాడు, పేసుకోవడమంటే మాట్లాడుకోవడం. యుద్ధాల గురించి అంటే నమ్మేది కాదు. “యుద్ధం గురించి మాట్లాడి వచ్చే పిల్ల మొహమా ఇది? పెళ్ళికి పోయి వచ్చినట్టు ఉంది లా” అనేది. నిజమే, మంగళ, శుక్రవారాలు నా మొహం వేరుగా ఉండేదేమో.

పదకొండో అధ్యాయం దగ్గర చిక్కు వచ్చింది. అది నాకు చెప్పకుండా ఆయనే వణికే చేతితో రాసి ఇచ్చారు. అప్పటికి ఆయన కల్నల్. ఒక పరాయి దేశంలో వానాకాలం. తన కింద పనిచేసే టామ్ అనే కెప్టెన్ నాలుగు లారీల సామానుతో నది పక్క దారిలో వెళ్ళాడు. గట్టు కుంగి ముందు లారీ నదిలో పడింది. టామ్‌తో కలిపి నలుగురు పోయారు. అధ్యాయమంతా అర పేజీ. అందులో ఒక వాక్యం: “అన్ని విషయాలూ పరిశీలించిన మీదట నది పక్క దారి ఎంచుకోబడింది.” టైపు చేస్తూ ఆగిపోయాను. నాకు నేర్పిందే కదా అనుకుని, ఆయన ఎర్ర పెన్సిలే తీసుకుని, ఆ వాక్యం చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ‘జరిగింది’ అని రాసి ఇచ్చాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను, ఎంత మూర్ఖురాలినో. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. ఫైలు మూశారు. “ఇవాళ్టికి చాలు” అన్నారు.

ఆ శుక్రవారం రావద్దని కబురు పెట్టారు. తర్వాతి మంగళవారమూ అంతే. రెండు వారాలు. ఆ రెండు వారాల్లో నేను బిషాన్ మీదుగా వెళ్ళే రైలు ఎక్కినప్పుడల్లా అక్కడ తలుపులు తెరుచుకుంటే లేచి నిలబడేదాన్ని, మళ్ళీ కూర్చునేదాన్ని. ఒక ముసలాయన మనసు విరిచి నా రెండు ఉదయాలు నేనే పోగొట్టుకున్నాననిపించింది. మూడో మంగళవారం ఎనిమిదింటికి ఆయనే ఫోన్ చేశారు. “తొమ్మిదికి రా, డాక్టర్.”

రికార్డింగు పెట్టుకోమన్నారు. “టామ్ రేడియోలో రెండుసార్లు అడిగాడు” అని మొదలుపెట్టారు. “‘సార్, పొద్దుటిదాకా ఆగుదాం. వానకు గట్టు నాని ఉంటుంది, నాకు ఈ దారి నచ్చలేదు’ అన్నాడు. సామాను ఆ సాయంత్రానికి చేరుస్తానని పైవాళ్ళకు మాట ఇచ్చింది నేను. వెళ్ళమన్నాను. రెండోసారి అడిగితే గొంతు పెంచి వెళ్ళమన్నాను.” నా వైపు తిరిగారు. “నువ్వు నదులు చదివినదానివి. నువ్వు ఆ గట్టు చూసి ఉంటే ఏమనేదానివి?”

“ఆగుదాం అనేదాన్ని, సార్.”

“అతనూ అదే అన్నాడు.”

అంతకన్నా పెద్ద సంగతి తర్వాత చెప్పారు. టామ్ తల్లిదండ్రులకు ఉత్తరం రాసింది ఆయనే. అందులోనూ అదే వాక్యం, దారి ఎంచుకోబడింది అని. లారీలకు పెద్ద టామే కాబట్టి, ఎంచుకున్నది తమ కొడుకే అని వాళ్ళు అర్థం చేసుకున్నారు. ఏడాది తర్వాత ఒక సంస్మరణ సభలో టామ్ తండ్రి ఆయన దగ్గరకు వచ్చి, మావాడి పొరపాటుకు పోయిన ఆ ముగ్గురి ఇళ్ళవాళ్ళ మొహం ఎలా చూడాలో తెలియడం లేదన్నాడట. “నేను ఆయన చెయ్యి పట్టుకుని, టామ్ మంచి ఆఫీసర్ అన్నాను. అంతే అన్నాను. రెండు నెలలకు నాకు మొదటి నక్షత్రం వచ్చింది.” ఆ తండ్రి అదే నమ్మకంతో పోయాడు. తల్లి ఉంది, ఎనభై దాటాయి, ఒక చిన్న ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. “పుస్తకం సంగతి తర్వాత. నేను ఆమెకు రాయాలి. ఆమె ఉండగా రాయాలి, నేను ఉండగా రాయాలి.” అప్పటికే ఆయన గుండె సరిగా లేదని నాకు తెలుసు.

ఆ ఉత్తరానికి మూడు వారాలు పట్టింది. పన్నెండుసార్లు రాశారు. ప్రతిసారీ నాకు ఇచ్చి, “ఇందులో నేను కనపడుతున్నానా?” అని అడిగేవారు. చివరి ప్రతిలో దాదాపు ప్రతి వాక్యమూ ‘నేను’తోనే మొదలైంది. అతను రెండుసార్లు ఆగుదామన్నాడు, నేను రెండుసార్లు వెళ్ళమన్నాను, మీ భర్త అడిగినప్పుడు నేను చెప్పలేదు. స్వయంగా రాసి, కవరు మీద అడ్రసు రాసి, స్టాంపులు అంటించి నా చేతిలో పెట్టారు. అప్పుడు తుంటి నొప్పితో ఆయన కిందికి దిగలేకుండా ఉన్నారు, ఎలెన్ ఊళ్ళో లేదు. “ఇది వెళ్ళాక నాకు పుస్తకం మీద ఆశ లేదు, డాక్టర్. రాయాల్సింది ఇదే. ఇక మన పని అయిపోయినట్టే. నువ్వు వెళ్ళి నీ థీసిస్ పూర్తి చేసుకో” అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారో! ఆయనకు అది బరువు దిగడం. నేను ఉత్తరాన్ని సంచీలో పెట్టుకున్నాను.

మా బ్లాకు కింద, రైలు స్టేషన్‌కు వెళ్ళే దారిలో తపాలా పెట్టె ఉంది. ఆ రోజు దాని ముందునుంచే నడిచి ఇంటికి వచ్చాను. మర్చిపోలేదు. రేపు వేద్దాంలే అనుకున్నాను. ఉత్తరం నా సంచీలో ఉన్నంతకాలం ఆ పని ఇంకా పూర్తి కానట్టే అనిపించేది. మూడో రోజు ఆంటీ నా బల్ల మీద దాన్ని చూసింది. “ఈ సురాత్ ఇంకా ఇక్కడే ఉందేం మా? స్టాంపు కూడా ఒట్టించి ఉంది. పోస్ట్ చెయ్యి లా, పెద్దాయన చూస్తుంటాడు.” చేస్తానన్నాను. శుక్రవారం ఆయనే ఫోన్ చేశారు, ఉత్తరం వెళ్ళిందా అని.

“పంపడం జరిగింది, సార్” అన్నాను.

తెలుగులోనే అన్నాను. అవతల నుంచి పెద్ద నవ్వు. “జరిగిందీ!” అన్నారు. తమాషా చేశాననుకున్నారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాతి వారం చూడడానికి వెళ్తే ఆయన కింద లాబీలో, చేతికర్ర ఆనించుకుని, ఉత్తరాల పెట్టెల ముందు నిలబడి ఉన్నారు. తుంటి నొప్పి కాస్త తగ్గాక రోజూ దిగుతున్నారట. “ఇంత త్వరగా రాదని తెలుసు. అయినా నడక మంచిదన్నాడు డాక్టర్, నువ్వు కాదు, అసలు డాక్టర్” అన్నారు. ఆ ఖాళీ పెట్టెలోకి ఆయన వంగి చూస్తుంటే నేను ఎక్కువసేపు అక్కడ నిలవలేకపోయాను. తిరిగొస్తూనే ఉత్తరాన్ని తపాలా పెట్టెలో వేశాను. అప్పటికి పదకొండు రోజులు.

నెల తిరగకముందే ఆయన్ను ఆసుపత్రిలో చేర్చారు. ఎలెన్ పని మానుకుని పక్కనే ఉంది. ఉత్తరం సంగతి ఆమెకూ చెప్పారు. రోజూ సాయంత్రం ఇంటి నుంచి ఆమె రాగానే ముందు అడిగేది ఒకటే, ఏమైనా వచ్చిందా అని. ఒక ఆదివారం ఉదయం ఆయన పోయారు. జవాబు ఆ తర్వాతి శనివారం వచ్చింది. ఎలెన్ నన్ను పిలిపించింది, ఇద్దరం కూర్చుని విప్పాం. చిన్న ఉత్తరం, పెద్ద పెద్ద అక్షరాలు. మావాడు ఆగుదామన్నాడని ఇన్నేళ్ళకు తెలిసింది, వాళ్ళ నాన్న సమాధి దగ్గరకు వెళ్ళి చెప్పి వచ్చాను అని రాసిందామె. మిమ్మల్ని క్షమించానో లేదో నాకే ఇంకా తెలియదు అని కూడా రాసింది. చివర, “వాడి గొంతు చివరిసారి విన్నది మీరు. వాడి గురించి మీకు గుర్తున్నవన్నీ నాకు రాయండి. ఉత్తరం అందిన రోజే మొదలుపెట్టండి, నాకు ఎక్కువ కాలం లేదు” అని ఉంది.

ఎలెన్ ఏడవలేదు. కవరు మీద ముద్రలు తిప్పి చూసింది. “ఆరు రోజులు. ఆరు రోజులు ముందు వచ్చి ఉంటే నాన్న ఇది చదివేవారు. ఎందుకింత ఆలస్యమైంది?” అని నన్నే అడిగింది. విదేశీ తపాలా ఈమధ్య ఆలస్యమవుతోందట అన్నాను. ఆమె తలూపింది.

టామ్ గురించి ఆయన రికార్డింగుల్లో చెప్పినవన్నీ ఏరి ఆ తల్లికి నేనే రాసి పంపాను. నా థీసిస్‌లో ‘నమూనాలు నేను సేకరించాను’ అని రాసి, పరీక్షకులు మార్చమన్నా మార్చలేదు. ఇప్పుడు అందరూ డాక్టర్ అంటున్నారు, ఒక్కసారి కూడా నాకు ఆయన పిలిచినట్టు వినపడదు. పోయినవారం ఎలెన్‌కు ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి, ఆ రోజే పోస్ట్ చేశాను. జవాబు రాలేదు. రాకపోయినా తప్పు ఆమెది కాదు. అందులో రాసిందే ఇక్కడ నా భాషలో రాస్తున్నాను. ఆయన ఉత్తరం తపాలాలో ఆలస్యం కాలేదు. పదకొండు రోజులు నేను ఆపాను. నా మంగళవారాలు పోతాయని ఆపాను.